వెనక సీటు ఖాళీ

ధర్మవరం,
5 అక్టోబరు 2024

మహారాజశ్రీ నాగేశ్వర గారికి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయులు, అనంతపురం.

పట్టుచీరల నేతగాడు, ప్రస్తుతం మంచానికి పరిమితుడు అయిన దేవేంద్ర నమస్కరించి నివేదించునది.

విషయం: సెప్టెంబరు 12న రాప్తాడు దాటిన తర్వాత సర్వీసు రోడ్డుపై నా మోపెడ్‌కూ తాడిపత్రి బండల లారీకీ జరిగిన పరస్పర పరిచయం గురించి.

అయ్యా,

తొమ్మిదో తరగతిలో జరిపిన ఉత్తుత్తి శాసనసభలో తమరు విద్యామంత్రి, నేను రహదారుల మంత్రి అయిన నాటి నుంచి మన ఉత్తరాలు ఈ తీరులోనే నడుస్తున్నవి. నా ఫోను కేసు సొత్తుగా స్టేషనులో ఉన్నది. నా భార్య జ్యోతిలక్ష్మి ఫోను నుంచి పదకొండు సార్లు చేయగా, పదకొండు సార్లూ తమరు తరగతిలో ఉన్నారు. అందులో రెండు ఆదివారాలు. కావున తపాలా శాఖను ఆశ్రయించవలసి వచ్చినది.

నా కుడి కాలిలో రెండు కడ్డీలు, ఎనిమిది మరలు అమర్చబడినవి. గుంట మగ్గంలో కాళ్లు దించి తొక్కవలసిన వృత్తి గనుక, ఆ కాలు ఇకపై గౌరవ సభ్యత్వం మాత్రమే నిర్వహించునని డాక్టరు సూచించారు.

తమరికి తెలిసినదే అయినా, రికార్డు నిమిత్తం జరిగినది రాస్తున్నాను. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో మనం అనంతపురం నుంచి ధర్మవరం వైపు, నడవవలసిన దిశలోనే నడుస్తున్నాం. నేను ముందు, తమరు వెనక. పదవీ విరమణ చేయనున్న తమ ప్రధానోపాధ్యాయినికి చీర ఎంపిక చేయుట ప్రయాణ కారణం. డీజిలు బంకు దాటిపోయిన లారీ ఒకటి, ముందు మలుపు దాకా పోయి తిరిగి రావడం ఆత్మగౌరవానికి భంగమని తలచి, సర్వీసు రోడ్డులో ఎదురు దిశలో వెనక్కి వచ్చింది. దాని నుదుట కట్టిన నిమ్మకాయ దాకా నాకు జ్ఞాపకం ఉన్నది. ఆ తర్వాత లేదు. లారీ బ్రేకు వేసింది గాని దానిపై ఉన్న బండలు వేయలేదట. అవి జారి, రోడ్డు పక్కన సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చున్న మారెమ్మ మీద పడినవి. 108 వచ్చేలోగా ఆమె ప్రాణం పోయింది.

ఇక రికార్డు. పోలీసు వారి కాగితం ప్రకారం, ఎదురు దిశలో వచ్చినవాడిని నేను. నన్ను తప్పించబోయి లారీ బ్రేకు వేసినందున మారెమ్మ మరణానికి కారకుడినీ నేనే. నా మోపెడ్‌పై నేను తప్ప ఎవరూ లేరు. ఏఎస్సై గారు ఆసుపత్రికి దయచేసి, "ఏమప్పా, నువ్వే ఎదురుబొయినావంట గదా?" అన్నారు. "నా ఎనక మా నాగేశ్వర ఉండె సార్, ఆయన్ను అడగండి" అన్నాను. "ఆడ ఎవురూ లేరప్పా. తలకు దెబ్బ తగిలింటాది, పండుకో" అన్నారు.

అది కూడా సహిస్తాను. కాని ఆ సాయంత్రం మారెమ్మ కూతురు ఎస్తేరు వచ్చింది. తమ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఎస్తేరే. లోపలికి రాలేదు. వార్డు తలుపు దగ్గర నిలబడి, "మా యమ్మ నీకేం జేసిందన్నా?" అని అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయింది.

జైలు గురించి నాకు పెద్ద అభిప్రాయం లేదు. ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర జవాబు ఉన్నది, సాక్ష్యం లేదు. కావున కోరునది ఒక్క వాక్యం: "నేను వెనక ఉన్నాను, లారీయే ఎదురు వచ్చింది." స్టేషనులో చెప్పినా సరే, కాగితంపై రాసినా సరే.

చిత్తగించవలెను.
దేవేంద్ర


అనంతపురం,
16 అక్టోబరు 2024

రహదారుల శాఖ మాజీ మంత్రివర్యులు దేవేంద్ర గారికి,

తమ నివేదిక అందినది. కాలి వార్త చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. విద్యాశాఖ తరఫున ప్రగాఢ సానుభూతి.

తమరు సైన్సులో ఎప్పుడూ ముప్పై ఆరు మార్కులకు మించలేదు గనుక, ముందుగా ఈ ఘటనను శాస్త్రీయంగా అర్థం చేసుకొనుట మనశ్శాంతికి మంచిది. రెండు వాహనాలు ఢీకొన్నప్పుడు లారీ మోపెడ్‌ను ఎంత బలంతో నెట్టునో, మోపెడ్ సైతం లారీని సరిగ్గా అంతే బలంతో, వ్యతిరేక దిశలో నెట్టును. కొంచెం ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఒకటి ముందు, ఒకటి తర్వాత కూడా కాదు. చర్య, ప్రతిచర్య ఒకే క్షణంలో పుట్టును. లోకులు లారీ మోపెడ్‌ను కొట్టిందని అందురు. ప్రకృతి దృష్టిలో ఎవరు ఎవరిని కొట్టినారన్న ప్రశ్నే లేదు. రెండూ పరస్పరం తాకినవి.

కావున తమరు కేవలం దెబ్బ తిన్నవారని కుంగిపోనక్కరలేదు. ముప్పై టన్నుల లారీకి తమరు ఇచ్చినది చిన్న దెబ్బ కాదు.

నాకు భుజం కొంత గీసుకుపోయింది. మేడ మెట్ల మీద జారానని ఇంట్లో చెప్పాను. ఈ నెల పరీక్షల ఒత్తిడి అధికం. ఎస్తేరు రోజూ పనికి వస్తున్నది. వంట బాగానే ఉన్నది. బత్తాయి రసం తాగండి, ఎముకకు మంచిది.

ఇట్లు,
నాగేశ్వర


ధర్మవరం,
2 నవంబరు 2024

విద్యామంత్రివర్యులకు,

తమ పాఠం మంచం మీద మూడుసార్లు చదివాను. ఇంత శ్రద్ధ తొమ్మిదో తరగతిలో చూపి ఉంటే ముప్పై ఏడు వచ్చేవి. తమరు చెప్పినది మగ్గానికి అన్వయించి పరిశీలించగా సరిగ్గానే ఉన్నది. నేను విసిరిన నాడె, అడ్డపోగు మోసుకుపోయేది, పోయి అవతలి చెక్కను కొట్టును. చెక్క కూడా నాడెను అంతే కొట్టును. అయినప్పటికీ ముప్పై ఏళ్లలో నేను పగిలిన నాడెలు మార్చాను గాని, పగిలిన మగ్గం మార్చలేదు. బలం సమానమే. బరువు సమానం కాదు. లారీ బంపరుకు సొట్ట, నాకు కడ్డీలు. తమ పాఠంలో ఈ రెండో సగం తపాలాలో జారిపోయినట్లున్నది.

ఇంకొక సంగతి. జ్యోతిలక్ష్మి మరునాడు ఉదయం ఆ చోటికి పోయి చూసి వచ్చింది. మోపెడ్ అద్దం, దీపం పగిలిన పెంకులు ఒకచోట ఉన్నవట. మోపెడ్ పడి ఆయిలు కారిన మరక, అక్కడి నుంచి ఇరవై అడుగుల దూరాన, అనంతపురం వైపు ఉన్నదట. నేను ధర్మవరం వైపు వస్తుంటే నా బండి వెనక్కి ఎందుకు పోయింది? లారీ ఎటు పోతున్నదో అటే నెట్టుకుపోయింది గనుక. ముప్పై ఆరు మార్కుల వాడికి తోచిన ఈ మాట స్టేషనులో ఎవరికీ తోచలేదు. వారు ఫోటో తీసే ముందే, ట్రాఫిక్‌కు అడ్డమని లారీని తిప్పి సరైన దిశలో నిలబెట్టించారు. ఫోటోలో అది చాలా మర్యాదగా ఉన్నది. మరకను వారం తిరగకుండా వాహనాలు తుడిచేశాయి. ఇక మిగిలిన సాక్ష్యం తమరొక్కరే.

నిన్న లారీ యజమాని తిప్పయ్య గారి మనిషి ఇంటికి వచ్చాడు. తాడిపత్రిలో బండల పాలిషు ఫ్యాక్టరీ ఆయనది. వచ్చినవాడు చెప్పులు విడిచి, నీళ్లు తాగి, ఇలా సెలవిచ్చాడు:

"అన్నా, రాజీ చేసుకో. సగం తప్పు నీది, సగం మా డ్రైవరుది అని రాసుకుందాం. సైన్సు అట్లే చెప్తాంది."

"ఏ సైన్సప్పా?"

"ఒక సారు రాసిచ్చినాడు గదా. నీ బండి మా లారీని ఎంత గుద్దిందో, మా లారీ నిన్ను అంతే గుద్దిందంట. గుద్దు సమానమైనప్పుడు తప్పు మాత్రం ఎట్ల ఎక్కువ తక్కువ అయితాది? స్టేషన్లో సారోళ్లు గూడా సదివి, శాస్త్రమే చెప్పినాక మేమెవురమప్పా అన్నారు."

ఇట్టి మూర్ఖపు కాగితం ఏ మహానుభావుడు రాశాడో తెలియదు. సగం తప్పు ఒప్పుకుంటే నాకు శిక్ష సగమవుతుందట. సగం తప్పు ఒప్పుకుంటే మారెమ్మను సగం చంపినవాడినవుతాను. మిగతా సగం ఎస్తేరు తనే కలుపుకుంటుంది. కావున తమరు వెంటనే ఆ కాగితాన్ని శాస్త్రీయంగా ఖండిస్తూ ఒక పుట, నేను పోయిన మారు కోరిన వాక్యం ఒకటి, పంపగలరు.

దేవేంద్ర


అనంతపురం,
14 నవంబరు 2024

దేవేంద్ర గారికి,

తమ ఉత్తరం అందినది. ఖండన విషయంలో కొన్ని ఇబ్బందులు ఉన్నవి. ఆ కాగితాన్ని నేను చూడలేదు గాని, తమరు ఉటంకించినంత వరకు అందులో శాస్త్రపరంగా తప్పు లేదు. బలాలు సమానమే. దానినుంచి ఎవరు ఏ నిర్ణయానికి వచ్చిరన్నది న్యాయశాఖ పరిధి. నేను విద్యాశాఖ.

ఒక శుభవార్త. మా బడికి సైన్సు ప్రయోగశాల వస్తున్నది. పదిహేడేళ్లుగా నేను స్ప్రింగు త్రాసును నల్లబల్లపై బొమ్మ గీసి చూపిస్తున్నాను. పిల్లలు ఆ బొమ్మను చూసి బొమ్మనే గీస్తున్నారు. ఇకపై నిజమైన త్రాసులు, పట్టాలపై ఢీకొనే చిన్న బండ్లు, నల్ల బండ పరిచిన బల్లలు. దాత తాడిపత్రి తిప్పయ్య గారు. అవును, ఆయనే. మనిషి చెడ్డవాడు కాడు. ఆ రోజు లారీలో ఆయన లేడు కదా.

రాజీకి తల ఊపమని స్నేహితుడిగా సలహా. పోయిన మనిషి ఎట్లాగూ తిరిగి రాదు. రెండు వందల మంది పిల్లలు ఉన్నారు. పెద్ద లెక్కలో చూడగలరు.

నాగేశ్వర


ధర్మవరం,
30 నవంబరు 2024

నాగేశ్వరా,

ఈ ఉత్తరానికి విషయం, సూచిక లేవు. వెతుక్కోకు.

కోర్టుకు వేసిన కాగితాల నకళ్లు వకీలు వనజాక్షి గారు నిన్న తెచ్చి ఇచ్చారు. అందులో ఆ సైన్సు కాగితం ఉంది. పైన, "వాహనముల తాకిడిలో చర్యా ప్రతిచర్యల గురించి నిపుణుని అభిప్రాయము." కింద నీ సంతకం. పక్కన బడి ముద్ర. తేదీ సెప్టెంబరు 20. నాకు కాలిలో కడ్డీలు వేసిన రోజు అది. నువ్వు చూడలేదన్న కాగితం, నాకు పాఠం పంపడానికి ఇరవై ఆరు రోజుల ముందే రాసి ఇచ్చావు. నాకు పంపిన పాఠం దాని నకలే. వాక్యాలు కూడా మార్చలేదు. ఓదార్పు అనుకుని మూడుసార్లు చదివాను.

అందులో రెండో పేరా ఇది. వనజాక్షి గారు చదువుతుంటే మధ్యలో ఆపమన్నాను. "ద్విచక్ర వాహనంపై ఒంటరిగా ప్రయాణించుచున్న వ్యక్తి, వెనక భాగమున బరువు లేనందున, వాహనముపై అదుపు కోల్పోయి ఉండవచ్చును."

వెనక భాగమున బరువు లేనందున. డెబ్బై ఎనిమిది కేజీలు ఉంటావు నువ్వు. రాప్తాడు దగ్గర స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు, "మెల్లగ పోరా, నడుములు ఇరుగుతాండాయి" అన్నావు.

నాకు నిమ్మకాయ దాకానే జ్ఞాపకం ఉందని రాశాను. ఈ మధ్య ఇంకొంచెం వచ్చింది. నిమ్మకాయ కంటే ముందు నా చెవిలో నీ గొంతు. "దేవేంద్రా, లారీ ఎదురొస్తాండాది, ఎడంకు తియ్!" లారీని నాకంటే ముందు చూసింది నువ్వు. నా భుజం మీద నీ చెయ్యి బిగిసింది. నేను ఎడమకు తీశాను. అందుకే నువ్వు ఎడమ పక్క మట్టిలో పడి బతికావు, నా కుడి కాలు బంపరుకు పోయింది. దానికి నేను ఎప్పుడూ బాధపడలేదు, ఇద్దరిలో ఒక్కడైనా నిలబడి మాట చెప్పేవాడు మిగిలాడు కదా అనుకున్నాను.

పిల్లలకు త్రాసులు కావాలంటే నన్ను అడిగి ఉండాల్సింది. మగ్గం అమ్మి తెచ్చేవాడిని. ఎట్లాగూ దానితో ఇక పని లేదు.

ఎందుకు చేశావో రాయి. పాఠం వద్దు.

దేవేంద్ర


అనంతపురం,
8 డిసెంబరు 2024

దేవేంద్రా,

మూడు కాగితాలు రాసి చింపాను. ఇది నాలుగోది.

ప్రయోగశాల మాట నిజమే గాని, అది కారణం కాదు. కారణం దానికంటే చిన్నది. ఆ రోజు నేను అనంతపురంలో సైన్సు శిక్షణలో ఉన్నట్లు రికార్డు. ఉదయం సంతకం పెట్టి, మధ్యాహ్నం భోజనం తర్వాత ఎవరికీ చెప్పకుండా నీ బండి ఎక్కాను. చీర చూసి ఐదున్నరకల్లా తిరిగి వచ్చి సాయంత్రం సంతకం పెట్టవచ్చు అనుకున్నాను. జనవరిలో ప్రధానోపాధ్యాయుల పదోన్నతి జాబితా వస్తుంది. అందులో నా పేరు మూడోది. డ్యూటీలో ఉండి రోడ్డు మీద దొరికితే పేరు పోతుంది, పైన సస్పెన్షను. ఇరవై రెండేళ్ల సర్వీసు.

లారీయే ఎదురు వచ్చింది. నేను చూశాను. నీ తప్పు వీసమంత లేదు.

నేను మట్టిలో నుంచి లేచి నిలబడ్డాను. నువ్వు కదలడం లేదు. మారెమ్మ కదులుతూనే ఉంది. నడుము కింద బండలు. డ్రైవరు ఫోనులో యజమానితో మాట్లాడుతున్నాడు. అక్కడ ఉన్నది మేం ముగ్గురమే. పావుగంట పైనే నిలబడ్డాను, దేవేంద్రా, పారిపోలేదు. అంబులెన్సు కూత వినపడ్డ తర్వాతే రోడ్డు దాటి ఆటో ఎక్కాను. ఐదున్నరకు సంతకం పెట్టాను. చొక్కా మీద మట్టి ఏమిటని అడిగితే, ప్రయోగం చేశామన్నాను.

డ్రైవరు నన్ను చూశాడు. వారం తర్వాత తిప్పయ్య మా ఇంటికి వచ్చాడు. బెదిరించలేదు. "సారూ, మీరు ఆడ లేరంటే లేరు, మాకేం. ఒక కాగితం రాసియ్యండి, బడికి ఏం కావల్లో చెప్పండి" అన్నాడు. ప్రయోగశాల అడిగింది నేనే. నాకోసం ఏమీ అడగలేదని చాలా రోజులు ధైర్యంగా తిరిగాను.

ఎస్తేరు మాత్రం రోజూ కనపడుతుంది. నువ్వు మంచంలో ఉన్నావు, నీకు ఆ బాధ లేదు.

జనవరి దాటనివ్వు. జాబితా వచ్చాక ఏదైనా ఆలోచిస్తాను. ఈ ఉత్తరం చదివి చింపేయి. నీ మీద నమ్మకంతో రాశాను.

నాగేశ్వర


ఎస్తేరు ఇంటి నుంచి,
15 డిసెంబరు 2024, ఆదివారం

నాగేశ్వరా,

చింపలేదు. వనజాక్షి గారికీ ఇవ్వలేదు. మూడు రోజులు దిండు కింద పెట్టుకుని ఆలోచించాను. ఆ ఉత్తరం నాకు రాసిందే అయినా, నాకంటే దాని అవసరం ఎక్కువ ఉన్న మనిషి ఒకరున్నారని తోచింది.

ఈ పొద్దున జ్యోతిలక్ష్మి, నేను ఆటోలో ఎస్తేరు ఊరికి పోయాం. ఇంటి ముందు గచ్చు మీద గిన్నెలు తోముతోంది. నా చంక కర్రలు చూసి లేవలేదు.

"రాజీకి వచ్చినావా అన్నా? వచ్చింటే ఎనక్కి పో" అంది.

"రాజీకి కాదు తల్లీ. ఒక కాగితం నీతో సదివించేకి వచ్చినా."

చేతులు చీరకు తుడుచుకుని తీసుకుంది. నిలబడి ఒకసారి చదివింది. కూర్చుని ఇంకోసారి చదివింది.

"ఇది మా సారు రాసిందేనా?"

"ఆయనదే."

"పిల్లోళ్ల కంటే ముందు కూర నోట్లో ఏసుకోని, ఉప్పు సరిపోయింది ఎస్తేరూ అని రిజిస్టర్లో సంతకం పెడ్తాడే, ఆ సారు?"

"ఆ సారే."

కాగితం మళ్లీ మడిచింది. తర్వాత అంది: "మా యమ్మ పోయిన నాలుగో దినం పనికి పోతే, ఇంగ రెండు దినాలు ఇంట్లోనే ఉండగూడదా ఎస్తేరూ అనె. అందరిలోకి ఈయనొక్కడే మనిషి అనుకుంటి అన్నా."

జ్యోతిలక్ష్మి ఏడ్చింది. ఎస్తేరు ఏడవలేదు. నాతో, "నిన్ను ఆ పొద్దు అట్ల అడిగింటి. మనసులో పెట్టుకోవద్దన్నా" అంది. నేను మూడు నెలలుగా ఎదురు చూసింది ఆ మాట కోసమే. నీ వాక్యం లేకుండానే వచ్చింది, నీ ఉత్తరం వల్లే వచ్చింది. దానికి నీకు కృతజ్ఞత చెప్పాలో లేదో నాకు తెలియలేదు, చెప్పడం లేదు.

కాగితం కోర్టుకు ఇద్దామా అని అడిగాను. "ఇస్తా. అది నా పని, నువ్వు ఇంగ పట్టించుకోవద్దు. దానికంటే ముందు సారును ఒకటి అడగల్ల" అంది. ఏమడుగుతావన్నాను. చెప్పింది. విన్న తర్వాత నీకు ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను, ఒక్క నిమిషం ముందైనా నీకు తెలియాలి కదా అని. ఆమె గచ్చు మీదే కూర్చుని రాస్తున్నాను.

ఇది తపాలాలో రాదు. రేపు మధ్యాహ్నం నువ్వు రుచి చూడటానికి వంటగదికి వచ్చినప్పుడు ఎస్తేరే నీ చేతికి ఇస్తుంది. నువ్వు చదివేదాకా ఎదురుగా నిలబడి ఉంటానంది. కోపంతో కాదు. ఆమెకు తెలియవలసింది నాకు తెలియదు. నేను స్పృహలో లేను. డ్రైవరు ఫోనులో ఉన్నాడు.

ఆమె అన్న మాట అన్నట్టే రాస్తున్నాను: "పావుగంట నిలబడుకోనుంటి అని రాసినాడు గదన్నా. అంతసేపట్లో మా యమ్మ నీళ్లు అడిగిందా?"

తలెత్తి జవాబు చెప్పు.

దేవేంద్ర